విడాల్ చీటీ పట్టుకుని సూక్ష్మజీవుల లోకంలోకి

వానలు మొదలైన రెండు మూడు వారాలకు మన ఊళ్లలో ల్యాబుల ముందు బెంచీలు నిండిపోతాయి. నాలుగు రోజులుగా దిగని జ్వరం, తెల్లగా పూత పట్టిన నాలుక, అన్నం పేరెత్తితేనే వెగటు. మోచేతి మడతలో దూది అదుముకుని ఇంటికి వెళ్తే సాయంత్రానికి ఒక చీటీ చేతికొస్తుంది. దాని మీద నాలుగు వరుసలు: సాల్మొనెల్లా టైఫీ ‘ఓ’ 1:160, ‘హెచ్’ 1:80, ఆ కింద పారాటైఫీ ‘ఏ’, ‘బీ’. పక్కింటివాళ్లు అడిగితే ఇంట్లోవాళ్లు చెప్పే మాట ఒక్కటే: “విడాల్ పాజిటివ్ అంట, టైఫాయిడే.”

ఆ రాత్రి జ్వరపడ్డ మనిషి పక్కన కూర్చున్న కొడుకో కూతురో ఫోన్ తీసి ‘టైఫాయిడ్’ అని కొడతారు. లెక్కలేనన్ని పేజీలు వచ్చి పడతాయి. ఒక వీడియో ఏదో ఆకు రసం పట్టమంటుంది. ఒకటి పెరుగు ముట్టుకోవద్దంటుంది, దాని కిందదే పెరుగన్నం తప్ప మరేదీ పెట్టొద్దంటుంది. చదివినకొద్దీ భయం పెరుగుతుంది గానీ తెలివిడి పెరగదు.

అదే ఫోన్లోంచి, పైసా ఖర్చు లేకుండా, ఆ జబ్బు మీద జరిగిన పరిశోధనలో చాలా భాగం చదవొచ్చు. నూట ఇరవై ఏళ్ల కిందట టైఫాయిడ్ వెంటపడి తిరిగిన మనిషి తన చేత్తో రాసుకున్న కథ ఉంది. ఆ బాక్టీరియా జన్యుగ్రంథంలోని 48 లక్షల అక్షరాలు వరుసగా ఉన్నాయి. పాఠ్యపుస్తకాలు, ఐఐటీ పాఠాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికలు అన్నీ తలుపులు తీసే ఉన్నాయి. ఏ ప్రశ్నకు ఏ తలుపు తట్టాలో తెలియకపోవడమే మన చిక్కు.

అందుకని ఆ చీటీనే పట్టుకుని ఒక్కో తలుపూ తడదాం. ఉదాహరణ టైఫాయిడే అయినా ఈ దారి క్షయకూ, కలరాకూ, డెంగీకీ పనికొస్తుంది. వెళ్లిన ప్రతి చోటా ఒక ప్రశ్న మాత్రం మరిచిపోకుండా అడగాలి: “ఈ సంగతి వీళ్లకెలా తెలిసింది?” దానికి జవాబు చూపించే చోటు నమ్మదగ్గది. చూపించని చోటు ఎంత కమ్మగా చెప్పినా పక్కన పెట్టాల్సిందే.

పుస్తకం వయసు చూడండి

కొత్తగా చదవబోయేవాళ్లు తరచూ చేసే పొరపాటు, నిన్న మొన్న అచ్చయిన పరిశోధన పత్రంతో మొదలుపెట్టడం. రెండో వాక్యానికే దారి తప్పుతారు. ముందు పాఠ్యపుస్తకం, ఆ తర్వాతే మిగతావి.

ఉచితంగా దొరికేవాటిలో రెండు చెప్పుకోదగ్గవి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఓపెన్‌స్టాక్స్ 2016లో తెచ్చిన ‘మైక్రోబయాలజీ’ ఒకటి. ఇది మన డిగ్రీ విద్యార్థికి సరిపోయే స్థాయిలో ఉంటుంది. ఒకసారి దించుకుంటే నెట్ లేనప్పుడూ చదువుకోవచ్చు. శామ్యూల్ బేరన్ సంపాదకత్వంలో వచ్చిన ‘మెడికల్ మైక్రోబయాలజీ’ నాలుగో కూర్పు రెండోది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే బుక్‌షెల్ఫ్ అనే ఉచిత అరలో అది పూర్తిగా దొరుకుతుంది. సాల్మొనెల్లాకు అందులో ఒక అధ్యాయమే ఉంది.

ఇలాంటి అధ్యాయం ఒకటి చదివాక చీటీ మీది మాటలు ముడి విప్పుకుంటాయి. సాల్మొనెల్లాలో 2,500కు పైగా రకాలున్నాయి. వాటిలో చాలావాటికి కోడి అయినా పశువు అయినా మనిషి అయినా ఒకటే. టైఫీకి మాత్రం మనిషే ఇల్లు. మురుగు కలిసిన నీళ్లతోనో, కడగని చేతులు తాకిన తిండితోనో కడుపులో పడుతుంది. చిన్నపేగు గోడ దాటుతుంది. క్రిముల్ని మింగి అరిగించుకోవాల్సిన మాక్రోఫేజ్ కణాల్లోకే దూరి అక్కడే కాపురం పెడుతుంది. పోలీసు జీపులో దొంగ ఊరు దాటినట్టు ఆ కణాల్లోనే ప్రయాణం చేసి కాలేయానికీ, ప్లీహానికీ, ఎముక మజ్జకీ చేరుతుంది. అక్కడ పెరిగి మళ్లీ రక్తంలోకి వచ్చినప్పుడు జ్వరం మొదలవుతుంది. అందుకే ఏ నీళ్లు తాగడం వల్ల వచ్చిందో రోగికి గుర్తుండదు. ఆ నీళ్లు తాగి అప్పటికి ఒకటి రెండు వారాలు దాటిపోయి ఉంటుంది.

ఇక చీటీ మీది అక్షరాలు. బాక్టీరియా పైగోడ మీద ఉండే చక్కెరల గొలుసును ‘ఓ’ అంటారు. అది ఈదడానికి వాడుకునే కశాభాల్లోని ప్రొటీన్‌ను ‘హెచ్’ అంటారు. వీటి పైన టైఫీ కప్పుకునే దుప్పటి ఒకటుంది, దాని పేరు ‘వీ-ఐ’. చీటీలో అది కనిపించదు గానీ కాసేపట్లో మనకు దానితో పని పడుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. బేరన్ పుస్తకం 1996 నాటిది. ఈ ముప్పై ఏళ్లలో బాక్టీరియా ఒంటి నిర్మాణం మారలేదు, మందుల కథ మాత్రం తలకిందులైంది. ఆ రోజుల్లో టైఫాయిడ్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు రామబాణాలు. ఇవాళ భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, వెలువరించే మందుల నిరోధకత వార్షిక నివేదిక తెరిచి టైఫీ పట్టిక చూడండి. పరీక్షించిన నమూనాల్లో నూటికి తొంభైకి పైగా సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగడం లేదు. అదే పట్టికలో ఇంకో వింత కనిపిస్తుంది. ఒకప్పుడు పనిచేయడం మానేసిన క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, కోట్రైమాక్సజోల్‌లకు ఇప్పుడు ఎక్కువ నమూనాలు మళ్లీ లొంగుతున్నాయి. సూక్ష్మజీవి ఆకారం, అది ఒంట్లో నడిచే దారి తెలుసుకోవడానికి పాత పుస్తకం చాలు. మందులు, టీకాలు, నిరోధకత దగ్గరికి వచ్చేసరికి తాజా నివేదికే చూడాలి, అదీ మన దేశానిదే చూడాలి.

1:160 ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఫ్రాన్సు వైద్యుడు ఫెర్నాండ్ విడాల్ ఈ పరీక్షను 1896లో ప్రకటించాడు. సూత్రం తేలిక. ఒంట్లోకి టైఫీ వస్తే రక్తంలో ప్రతిరక్షకాలు తయారవుతాయి. రోగి రక్తరసాన్ని చచ్చిన టైఫీ బాక్టీరియాతో కలిపితే ఆ ప్రతిరక్షకాలు బాక్టీరియాను ఒకదానికొకటి అంటించి గుంపులు కట్టిస్తాయి. ఆ గుంపులు కంటికే కనిపిస్తాయి. రక్తరసాన్ని ప్రతిసారీ రెండింతలు పలచన చేస్తూ పోతారు: 1:20, 1:40, 1:80, 1:160. నూట అరవై వంతులు పలచన చేశాక కూడా గుంపు కట్టిందంటే చీటీ మీద 1:160 అని రాస్తారు.

అంటే ఆ చీటీ బాక్టీరియాను చూసి రాసింది కాదు, దాని అడుగుజాడను చూసి రాసింది. అడుగుజాడ నిన్నటిదో నిరుటిదో తెలియదు. టైఫాయిడ్ తిరుగాడే చోట ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలోనూ ఈ ప్రతిరక్షకాలు కొంత ఉంటాయి. మునుపటి జ్వరం వల్ల రావొచ్చు, టీకా వల్ల రావొచ్చు, సాల్మొనెల్లా దాయాదుల వల్ల కూడా రావొచ్చు. మరోపక్క, జబ్బు నిజంగా ఉన్నా మొదటి వారంలో ప్రతిరక్షకాలు తయారు కాకముందే పరీక్ష చేస్తే ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే ఒక్కసారి చేసిన విడాల్ మీద తీర్పు చెప్పడం కష్టమని పుస్తకాలన్నీ అంటాయి. కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు చేసి, రెండోసారి నాలుగింతలు పెరిగిందా అని చూడటం అసలు పద్ధతి. ఆ రెండో చీటీ కోసం ఆగేవాళ్లు అరుదు.

ఈ సంగతులు బుక్‌షెల్ఫ్‌లోనే స్టాట్‌పెర్ల్స్ అనే వ్యాసాల వరుసలో క్లుప్తంగా దొరుకుతాయి. ఇంకా లోతుకు వెళ్లాలంటే కోక్రేన్ సమీక్షలున్నాయి. ఒక ఆసుపత్రిలో జరిగిన ఒక అధ్యయనం ఒక్క సాక్షి చెప్పిన మాటలాంటిది. కోక్రేన్ వాళ్లు ఒకే ప్రశ్న మీద ప్రపంచంలో జరిగిన అధ్యయనాలన్నీ పోగేసి, ఎవరి సాక్ష్యం ఎంత గట్టిదో తూకం వేస్తారు. టైఫాయిడ్ రాపిడ్ టెస్టుల మీద 2017లో వచ్చిన సమీక్ష అలాంటిది. ఆ టెస్టుల కచ్చితత్వం ఓ మోస్తరు మాత్రమేనని తేల్చింది. వీటిలో సామాన్యుల కోసం రాసిన సారాంశం విడిగా ఉంటుంది, కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టడం మేలు.

మరి గట్టి పరీక్ష ఏది? బ్లడ్ కల్చర్. రక్తాన్ని పోషక ద్రావణం ఉన్న సీసాలో పోసి, వెచ్చగా ఉంచి, బాక్టీరియాను పెంచి పట్టుకోవడం. దానిక్కూడా ఒక లోపముంది. టైఫాయిడ్ రోగి రక్తంలో మిల్లీలీటరుకు ఒక్క బాక్టీరియా దొరకడమే గగనం. ఇంత చేసినా నూరుమంది నిజమైన రోగుల్లో సుమారు 60 మందినే కల్చర్ పట్టగలుగుతుంది. రక్తం తక్కువ తీసినా, అప్పటికే యాంటీబయాటిక్ మింగేసినా ఆ అంకె ఇంకా పడిపోతుంది. ఎముక మజ్జను కల్చర్ చేస్తే ఇంకా బాగా దొరుకుతుంది, కానీ జ్వరమొచ్చిన ప్రతివాళ్ల ఎముకలోకీ సూది దించలేం కదా. కొలబద్దకే లోపముందని ఒప్పుకుని, దాన్ని లెక్కలోకి తీసుకుని పనిచేయడం వైద్యశాస్త్రంలో రోజువారీ వ్యవహారం. దాన్ని దాచకుండా చెప్పే రచనను నమ్మొచ్చు.

వంటమనిషీ పీచుపండ్ల ఐస్‌క్రీమూ

పాఠం వచ్చాక కథ చదవాలి, అదీ చేసినవాళ్లు రాసిందే చదవాలి. దానికి పబ్‌మెడ్ సెంట్రల్ ఉంది. పబ్‌మెడ్, పబ్‌మెడ్ సెంట్రల్ ఒకటే అనుకుని చాలామంది తికమకపడతారు. పబ్‌మెడ్ ఒక పెద్ద సూచిక. మూడున్నర కోట్లకు పైగా పరిశోధన పత్రాల పేర్లూ, చాలావాటికి సారాంశాలూ అందులో ఉంటాయి. పూర్తి పాఠం దొరుకుతుందా లేదా అన్నది పత్రాన్ని బట్టి ఉంటుంది. పబ్‌మెడ్ సెంట్రల్ పూర్తి పాఠాలే ఉన్న ఉచిత గ్రంథాలయం. 2000లో మొదలైన ఈ చోట కొత్త పత్రాలతో పాటు వందేళ్ల పాత పత్రికలను స్కాన్ చేసి పెట్టారు.

జార్జ్ సోపర్ అనే పారిశుధ్య ఇంజినీరు 1939లో న్యూయార్క్ అకాడమీ ఆఫ్ మెడిసిన్ బులెటిన్‌లో రాసిన వ్యాసం అక్కడే ఉంది. 1906 వేసవిలో న్యూయార్క్ దగ్గర ఆయిస్టర్ బేలో ఒక సంపన్నుడి ఇంట్లో పదకొండు మంది ఉంటే ఆరుగురికి టైఫాయిడ్ వచ్చింది. సోపర్‌ను పిలిపించారు. ఆయన నీళ్లు చూశాడు, పాలు చూశాడు, మరుగుదొడ్డి చూశాడు, సముద్రపు ఆల్చిప్పలనూ అనుమానించాడు. ఏదీ కుదరలేదు. జబ్బు మొదలవడానికి కొన్ని వారాల ముందు ఆ ఇంటికి కొత్త వంటమనిషి వచ్చిందని తెలిసింది. ఆమె పేరు మేరీ మాలన్, ఐర్లాండు నుంచి వచ్చిన మనిషి. పొయ్యి మీద ఉడికిన వంటలో క్రిమి చచ్చిపోవాలి కదా అన్న చిక్కు వచ్చింది. ఆమె పచ్చి పీచుపండ్ల ముక్కలు వేసి చేసే ఐస్‌క్రీము బాగా ప్రసిద్ధి అని తెలిశాక ఆ ముడి కూడా వీడింది.

ఆమె అంతకుముందు పనిచేసిన ఇళ్లను సోపర్ ఒక్కొక్కటే వెతికి పట్టుకున్నాడు. ఆ ఇళ్లలోనూ వరసగా టైఫాయిడ్. ఆమె దగ్గరికి వెళ్లి రక్తం, మలమూత్రాలు పరీక్షకు ఇమ్మంటే మాంసం కోసేటప్పుడు వాడే పెద్ద ఫోర్కు పట్టుకుని మీదికొచ్చిందని ఆయనే రాసుకున్నాడు. 1907లో అధికారులు ఆమెను పట్టుకుని పరీక్షిస్తే మలంలో టైఫీ దొరికింది. నార్త్ బ్రదర్ అనే చిన్న ద్వీపంలో ఉంచారు. ఇక వంట పని చేయనని మాటిస్తే 1910లో వదిలారు. 1915లో మారుపేరుతో ఒక ప్రసూతి ఆసుపత్రిలో వంట చేస్తూ దొరికింది. మళ్లీ అదే ద్వీపం. 1938లో చనిపోయేదాకా అక్కడే ఉంది.

ఈ కథ మనకు టైఫాయిడ్ మేరీ పేరుతో ఎక్కడైనా దొరుకుతుంది. సోపర్ రాసిందే చదివితే అదనంగా రెండు దొరుకుతాయి. ఒకటి, ఒక రోగకారణాన్ని వెతికే పద్ధతి: ఏది అనుమానించాలి, ఏది కొట్టెయ్యాలి, ఏ తేదీని ఏ తేదీతో పోల్చాలి. రెండోది, ఆ రాతలోనే బయటపడే ఆయన దృష్టి. తనకే జబ్బూ లేదని, తన పాటికి తాను కష్టపడి బతుకుతున్న ఒంటరి ఆడమనిషికి “నీ ఒంట్లోంచి జనానికి రోగం వస్తోంది” అని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన దగ్గర ఓర్పు ఎంతుందో, ఎంత లేదో మనకే అర్థమవుతుంది. జబ్బు లక్షణాలేవీ లేని అలాంటి మనిషి పిత్తాశయంలో టైఫీ ఏళ్ల తరబడి ఎలా తిష్ఠ వేస్తుందో ఇవాళ్టి పత్రాలు చెబుతాయి. ఆ మనిషితో ఎలా మాట్లాడి ఉండాల్సిందన్న ప్రశ్న మాత్రం ఆ పాత పత్రమే మన ముందుంచుతుంది.

పబ్‌మెడ్‌లో వెతికేటప్పుడు ఒక చిన్న కిటుకు. ఫలితాల పేజీలో ఎడమవైపు వడపోతలు ఉంటాయి. ‘రివ్యూ’ అన్నదాన్నీ, ‘ఫ్రీ ఫుల్ టెక్స్ట్’ అన్నదాన్నీ నొక్కితే వేల ఫలితాలు బాగా తగ్గిపోతాయి. మొదట ఒక సమీక్షా వ్యాసం చదివి, అందులో ఆసక్తి కలిగించిన వాక్యం కింది మూలపత్రం దగ్గరికి వెళ్లడం సుఖమైన దారి.

రెండు హైదరాబాదులు

జబ్బు ఇప్పుడెక్కడ ఎలా ఉందో తెలుసుకోవాలంటే పాఠ్యపుస్తకం పనికిరాదు. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించే ‘డిసీజ్ అవుట్‌బ్రేక్ న్యూస్’ ఉంది. మన దేశానికి సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం, అంటే ఐడీఎస్‌పీ, వెలువరించే వారాల వారీ నివేదికలున్నాయి. ఏ రాష్ట్రంలో ఏ జిల్లాలో ఏ జబ్బు గుంపుగా వచ్చిందో, ఎంతమందికి వచ్చిందో, ఏం చర్య తీసుకున్నారో అందులో పట్టికగా ఉంటుంది. సొంత జిల్లా పేరు వెతికి చూడటం మంచి అభ్యాసం.

2018 డిసెంబరు నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటన ఒకటి తెలుగువాళ్లు తప్పక చదవాల్సింది. పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో 2016 నవంబరు నుంచి రెండేళ్లకు పైగా కాలంలో నమోదైన 8,188 టైఫాయిడ్ కేసుల్లో 5,274 ఒక కొత్త మొండిరకానివి. క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, కోట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్ వర్గం, సెఫ్ట్రియాక్సోన్ వర్గం, ఈ ఐదింటికీ అది లొంగలేదు. నోటిద్వారా ఇచ్చే మందుల్లో మిగిలింది అజిత్రోమైసిన్. అది దాటితే సూదిమందుగా ఎక్కించే ఖరీదైన కార్బపెనెమ్‌లే. ఈ రకం మొదట బయటపడ్డ ఊరి పేరు హైదరాబాద్. సింధునది ఒడ్డున ఉన్న హైదరాబాద్.

దానికి అడ్డుకట్టగా వెళ్లిన టీకా తయారైంది మన హైదరాబాద్‌లో. భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్-టీసీవీ అనే టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇచ్చింది. కాసేపట్లో చెప్పుకోబోయే ఆ తరహా టైఫాయిడ్ టీకాల్లో ఆ గుర్తింపు పొందిన మొదటిది అదే. 2018 నుంచి సింధ్ హైదరాబాద్‌లోని పిల్లలకు అది వేశారు. 2019 నవంబరులో పాకిస్తాన్ దాన్ని సాధారణ టీకాల పట్టికలో చేర్చింది. ఆ పని చేసిన మొదటి దేశం అదే. తర్వాత 2020లో అర్హత పొందిన రెండో టీకా కూడా హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇ సంస్థదే.

ఇందాక పక్కన పెట్టిన ‘వీ-ఐ’ దుప్పటితో ఇప్పుడు పని పడింది. ఆ దుప్పటి చక్కెరల అల్లిక. దాన్ని మాత్రమే టీకాగా ఇస్తే రెండేళ్ల లోపు పిల్లల రోగనిరోధక వ్యవస్థ సరిగ్గా గుర్తుపట్టదు. అదే చక్కెరను ధనుర్వాతపు టీకాలో వాడే ప్రొటీన్‌కు కలిపి కట్టేస్తే పసిబిడ్డ ఒళ్లు కూడా గుర్తుపట్టి, జ్ఞాపకం పెట్టుకుంటుంది. అందుకే ఈ టీకాను ఆరు నెలల వయసు నుంచే వేయగలుగుతున్నారు.

ఇక టీకా ఎంత పనిచేసింది అని వెతికితే ఒక్కోచోట ఒక్కో అంకె కనబడి కొత్తవాళ్లు బెదిరిపోతారు. ఆక్స్‌ఫర్డ్‌లో టీకా వేసుకున్న వలంటీర్లు తెలిసే టైఫీ కలిపిన ద్రావణం తాగారు, వెంటనే వైద్యం అందే ఏర్పాటుతో. 2017లో వెలువడిన ఆ ఫలితం 54.6 శాతం. నేపాల్‌లో సుమారు 20,000 మంది పిల్లల మీద జరిగిన ప్రయోగంలో 2019లో వచ్చిన అంకె 81.6. సింధ్ హైదరాబాద్‌లో మొండిరకం మీద 97. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో జ్వరం లేకుండా రక్తంలో బాక్టీరియా కనిపించినా జబ్బు కిందే లెక్కేశారు. అదే సమాచారాన్ని ‘జ్వరం వచ్చి, తర్వాత రక్తంలో బాక్టీరియా దొరకాలి’ అన్న నిర్వచనంతో చూస్తే ఆ 54.6 కాస్తా 87.1 అయింది. నేపాల్‌లో జ్వరమొచ్చి ఆసుపత్రికి వచ్చిన పిల్లల రక్తం కల్చర్ చేసి లెక్కేశారు. ప్రశ్న మారితే అంకె మారుతుంది. శాతం కనబడగానే “దేనిలో శాతం? ఎవరిని లెక్కేశారు?” అని అడిగే అలవాటు ఒక్కటి వస్తే సగం విద్య వచ్చినట్టే.

అక్షరాలు వెతికే ఆట

ఆ మొండిరకానికి అంత శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి జవాబు 2018లో ఎంబయో అనే పత్రికలో వచ్చింది. అమెరికన్ సొసైటీ ఫర్ మైక్రోబయాలజీ నడిపే ఈ పత్రికను ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. కరాచీలోని ఆగా ఖాన్ విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని వెల్‌కమ్ శాంగర్ సంస్థ శాస్త్రజ్ఞులు ఆ బాక్టీరియా డీఎన్‌ఏ మొత్తం చదివారు. ప్రధాన గ్రంథానికి తోడు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరం ఒకటి దొరికింది. సెఫ్ట్రియాక్సోన్‌ను తుంచేసే సీటీఎక్స్-ఎం-15 అనే ఎంజైమ్ జన్యువు దానిలోనే ఉంది. అచ్చం అలాంటి ఉంగరాలు ఈ.కోలైలో ఉన్నాయి. మన పేగుల్లో మామూలుగా బతికే ఈ.కోలై నుంచి టైఫీ ఆ ఉంగరాన్ని అరువు తెచ్చుకుందని వాళ్లు తేల్చారు. అవసరం లేని యాంటీబయాటిక్ మింగితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు దొరకదు. మందు చంపాలనుకున్న క్రిమి ఒంట్లో ఉన్నా లేకపోయినా పేగులోని మిగతా బాక్టీరియాకు మాత్రం తర్ఫీదు నడుస్తూనే ఉంటుంది.

దీన్ని చదివి నమ్మడం దగ్గర ఆగాల్సిన పని లేదు, కొంత మనమే చేసి చూడొచ్చు. అమెరికా జాతీయ జీవసాంకేతిక సమాచార కేంద్రం, అంటే ఎన్‌సీబీఐ, బ్లాస్ట్ అనే వెతుకులాట పరికరాన్ని ఉచితంగా ఇస్తోంది. ఆ సైటులోని ప్రొటీన్ల భాండాగారంలో సీటీఎక్స్-ఎం-15 అని వెతకండి. తెర మీదికొచ్చిన అమైనో ఆమ్లాల అక్షరమాలను కాపీ చేసి ప్రొటీన్ బ్లాస్ట్ పెట్టెలో అతికించి నొక్కండి. కాసేపట్లో ఆ అక్షరాలు ఇంకా ఎవరెవరి దగ్గరున్నాయో జాబితా వస్తుంది: ఈ.కోలై, క్లెబ్సియెల్లా, సాల్మొనెల్లా. కొన్ని చోట్ల ఒక్క జాతి పేరు రాయలేక ‘అనేక జాతులు’ అనే రాసి ఉంటుంది. ఒకే తాళంచెవి నకళ్లు ఇన్ని జేబుల్లో ఉన్నాయని కళ్లారా చూశాక ‘నిరోధకత వ్యాపిస్తోంది’ అన్న మాట ఇక వట్టి వార్తలా వినిపించదు.

అదే చోట టైఫీ జన్యుగ్రంథం కూడా తెరవొచ్చు. వియత్నాంలో ఒక రోగి నుంచి తీసిన సీటీ18 అనే టైఫీని 2001లో పూర్తిగా చదివారు. మొత్తం 48,09,037 అక్షరాలు. అందులో 200కు పైగా జన్యువులు చెడిపోయి, అక్షరాలు మిగిలి అర్థం పోయిన వాక్యాల్లా పడున్నాయి. ఇతర జంతువుల్లో బతకడానికి కావలసిన సామాను అలా పోగొట్టుకోవడం వల్లే టైఫీ మనిషికే పరిమితమై ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. మన ఊళ్ల నుంచి మురుగునూ తాగునీటినీ పూర్తిగా వేరు చేయగలిగితే టైఫీకి తలదాచుకునే చోటే ఉండదన్న ఆశ కూడా ఆ చెడిపోయిన జన్యువుల్లోనే ఉంది.

చూసి, విని నేర్చుకునేవి

సూక్ష్మజీవశాస్త్రం చేతిపని కూడా. గ్రామ్ రంజనం ఎలా చేస్తారో, పెట్రీ పళ్లెంలో గీతలు ఎలా లాగుతారో చూడకుండా చదివితే మనసులో నిలవదు. కేంద్ర విద్యాశాఖ తరఫున నడిచే వర్చువల్ ల్యాబ్స్‌లో అమృత విశ్వవిద్యాపీఠం చేసిన మైక్రోబయాలజీ ప్రయోగాలున్నాయి. స్లైడు వేడి చేయడం, రంగు పొయ్యడం, కడగడం అన్నీ తెర మీద చేసి చూడొచ్చు. మైక్రోస్కోపు లేని కాలేజీ విద్యార్థికి ఇది పెద్ద ఆసరా. బొమ్మలు కావాలంటే అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, నడిపే చిత్ర భాండాగారం ఉంది. అందులో చాలా ఫొటోలు ఎవరైనా వాడుకోవచ్చు. పాఠం చెప్పే అధ్యాపకులకు బాగా పనికొస్తాయి.

వరుసగా పాఠాలు వినాలనుకునేవాళ్లకు ఐఐటీలూ ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్, కేంద్రం 2017లో తెచ్చిన స్వయం వేదిక ఉన్నాయి. వినడం ఉచితం, పరీక్ష రాసి ధ్రువపత్రం కావాలంటేనే రుసుము. వైరస్‌ల మీద ఆసక్తి ఉంటే కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విన్సెంట్ రకనియెల్లో తన తరగతి పాఠాలనే యూట్యూబులో పెట్టాడు. ఆయన నడిపే ‘దిస్ వీక్ ఇన్ మైక్రోబయాలజీ’ పాడ్‌కాస్టులో శాస్త్రజ్ఞులు కొత్త పత్రాలను విప్పి చర్చిస్తారు. ఒక పత్రాన్ని ఎలా అనుమానించాలో అక్కడ నేర్చుకోవచ్చు.

తాళాలు, తొందరలు

దారిలో కొన్ని తలుపులకు తాళాలున్న మాట నిజమే. పెద్ద పత్రికల్లో ఒక్క పత్రం చదవడానికి అడిగే డబ్బు మన విద్యార్థి భరించగలిగేది కాదు. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకంతో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, కళాశాలలు, పరిశోధన సంస్థలు కలిపి సుమారు 6,300 చోట్ల దాదాపు 13,000 పత్రికలను చదివే వీలు వచ్చింది. మీరు అలాంటి చోట చదువుతుంటే లైబ్రేరియన్‌ను అడగండి. ఆ సంస్థల బయట ఉన్నవాళ్లకు పబ్‌మెడ్ సెంట్రల్‌లో రచయితలే పెట్టిన ప్రతి తరచూ దొరుకుతుంది. ఐసీఎంఆర్ పత్రిక ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్’ 1913 నుంచి వస్తున్నది, ఉచితంగానే చదవొచ్చు.

కొన్ని తలుపులు మరీ తొందరగా తెరుచుకుంటాయి. మెడ్‌ఆర్కైవ్, బయోఆర్కైవ్‌లలో పెట్టేవి తోటి శాస్త్రజ్ఞులు ఇంకా పరిశీలించని చిత్తుప్రతులు. ఆ సంగతి వాళ్లేమీ దాచరు, పేజీ మీదే ఆ హెచ్చరిక రాసి ఉంటుంది. దాన్ని చదవకుండా వార్త చేసేవాళ్లతోనే ఇబ్బంది. ఈమధ్య అడిగిందే తడవుగా జవాబు చెప్పే కృత్రిమ మేధ యంత్రాలూ వచ్చాయి. కఠినమైన పేరాను విడమరిచి చెప్పించుకోవడానికి బాగుంటాయి. అంకె గానీ, మందు పేరు గానీ, పత్రం పేరు గానీ చెబితే మాత్రం మూలం తెరిచి చూడందే నమ్మకూడదు.

ఈ సంపదలో చాలా భాగం ఇంగ్లీషులోనే ఉండటం తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు నిజమైన అడ్డంకి. దానికి నాకు తెలిసిన మందు పాతదే. ఒక నోటు పుస్తకం పెట్టుకుని కొత్త పదం వచ్చినప్పుడల్లా పక్కన తెలుగులో, మీ మాటల్లో, ఒక వాక్యం రాసుకోండి. ప్రతిరక్షకం అని మాట రాసి వదిలేయకుండా, అది ఏం చేస్తుందో రాయండి. ఒక జబ్బును పూర్తిగా చదివేసరికి ఆ మాటల్లో చాలావరకు రెండో జబ్బుకూ పనికొస్తాయి.

మళ్లీ ఆ బెంచీ దగ్గరికి

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో టైఫాయిడ్ సుమారు 90 లక్షల మందికి వచ్చింది, లక్షా పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. కాబట్టి జ్వరమొచ్చినప్పుడు ఫోన్ చూసి సొంత వైద్యం చేసుకోమని ఈ వ్యాసం చెప్పడం లేదు. చదువు పని వేరు, వైద్యుడి పని వేరు. చదివినవాళ్లు వైద్యుణ్ని అడగగలిగే ప్రశ్న మాత్రం మారుతుంది.

ఇంతకుముందైతే చీటీ చేతికి రాగానే “టైఫాయిడేనా డాక్టరుగారూ?” అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఆ కొడుకో కూతురో ల్యాబు బెంచీ మీద కూర్చుని ఉండగానే, చీటీ రాకముందే అడుగుతారు: “యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చర్‌కు కూడా రక్తం తీయిద్దామా అండీ?” దారిలో మందుల షాపులో ఎవరో ఇచ్చిన మొదటి మాత్ర ఇంకా జేబులోనే ఉంటుంది. ఆ మాత్ర గొంతు దిగకముందు తీసిన పది మిల్లీలీటర్ల రక్తంలో ఏ నాలుగు బాక్టీరియాలో ఉంటే ఉండొచ్చు. వాటిని పట్టుకునే అవకాశం ఆ కాసేపే.